ధర్మకాటాలో మూగచేట

వెదుళ్లేరు పటంలో నీలం అంటే నీళ్ళు. ఆనకట్ట నీలం, చెరువు నీలం, జలాశయం నీలం. పొదలపాడుకి మూడేళ్ళుగా కాలవ నీళ్ళు లేవు. ఆ ఊళ్ళో నీలంగా మిగిలినవి రెండే, పైన ఆకాశం, కింద తెల్లచొక్కాలకి పెట్టే నీలిమందు. అలాంటిది ఆ సోమవారం పొద్దున లాకులపేట నీటికేంద్రంలో, గోడంత తెర మీద, పొదలపాడు నిండుచెరువులా నిగనిగలాడుతోంది.

మొదట చూసినవాడు వహీద్. జలశాస్త్రవేత్త. చూసినదాన్ని నమ్మకపోవడం అతని వృత్తి, చూడనిదాన్ని అనుమానించడం అతని ప్రవృత్తి. కళ్ళజోడు తుడుచుకున్నాడు. తెర తుడిచాడు. రెండూ శుభ్రంగానే ఉన్నాయని తేలాక, పక్క కుర్చీలో ఉన్న శేషుకుమారి వైపు తిరిగాడు. ఆవిడ ఆర్థికవేత్త. ఆవిడ పుట్టిల్లు పొదలపాడు.

"మేడం, మీ ఊళ్ళో బయటివాళ్ళకి తెలియని చెరువేమన్నా ఉందా?"

"ఉంటే ఈపాటికి మా అన్న నన్ను అందులో ముంచేవాడు," అంది శేషుకుమారి.

వాళ్ళిద్దరూ కలిసి తయారుచేసిన యంత్రం పేరు ధర్మకాటా. రోడ్డు పక్కన లారీలు తూచేది కాదు, ఏకంగా నదిని తూచేది. తక్కెడకి ఒకవైపు సిబ్బెలో వహీద్ లెక్క: ఏ కొండ మీద వాన పడింది, ఏ కాలవలో ఎంత ఇంకింది, ఏ మడికి ఎప్పుడు చేరుతుంది. రెండో సిబ్బెలో శేషుకుమారి లెక్క: ఆ నీళ్ళు ఏ ఊరికి వెళ్తే ఎంత బాగు, ఏ ఊరికి వెళ్ళకపోతే ఎంత బాధ. వహీద్‌ది నీటిశాస్త్రం, ఆవిడది అర్థశాస్త్రం, రెండూ కలిస్తే నీతిశాస్త్రం అని ప్రారంభోత్సవం రోజు చీఫ్ ఇంజనీరు పరబ్రహ్మంగారు మైకులో సెలవిచ్చారు. మైకు కుయ్యిమంది. అనుమానించవలసింది అప్పుడే.

అసలు ఆ యంత్రం పుట్టిందే అనుమానానికి. ఎగువ జిల్లావాళ్ళకి దిగువ ఇంజనీర్ల మీద అనుమానం, దిగువవాళ్ళకి ఎగువ ఇంజనీర్ల మీద అనుమానం. అనుమానం అన్యాయమూ కాదు. గేటు దగ్గర కూర్చున్న ప్రతివాడూ ఏదో ఒక ఊరికి అల్లుడే అయివుంటాడు, మామగారి పొలం ఎండుతుంటే మీట మీద చెయ్యి ఊరుకోదు. అందుకని రెండు జిల్లాలూ ఒప్పందం రాసుకుని, కాలవల మీద ఉన్న చేతిమీటలన్నీ పీకించేశాయి. ఇక గేట్లు ఎత్తినా దించినా ధర్మకాటాయే. దానికి మామగారు లేరు.

మరి బాధని ఎట్లా తూస్తుంది? అదే శేషుకుమారి తెలివి. నోటితో చెప్పిన బాధని అది నమ్మదు. అర్జీలు చదవదు, ధర్నాలు చూడదు. సంతలో ఏ ఊరి గొడ్లు అమ్ముడుపోయాయి, బడికి ఏ ఊరి పిల్లలు రావడం మానేశారు, ఏ ఊరి బస్సులో మూటాముల్లె ఎక్కింది, ఇవి చూస్తుంది. మనిషి అబద్ధం ఆడతాడు కానీ అమ్ముడుపోయిన గేదె ఆడదు గదా అని ఆవిడ వాదన. ఆ చూసినదంతా కూడి ఒక అంకె చేస్తుంది. దాని పేరు బాధాంకం. ఏ ఊరి బాధాంకం పెరిగితే ఆ ఊరికి గేటు లేస్తుంది.

పొదలపాడు బాధాంకం అడుగునుంది. అట్టడుగున. నీళ్ళు రాని మూడేళ్ళలోనూ ఒక్క గేదె సంతకి పోలేదు, ఒక్క పిల్ల బడి మానలేదు, ఒక్క మూట బస్సెక్కలేదు. పక్కూరికి ఒక్క తడి తప్పితే సంత నిండా ఆ ఊరి ఎద్దులే.

"ఈ ఊరివాళ్ళు మనుషులా, ఒంటెలా?" అన్నాడు వహీద్. తర్వాత గొంతు తగ్గించాడు. "సొంతూరికి నీళ్ళు మళ్ళించుకున్న ఆఫీసర్లని చూశాను మేడం. సొంతూరికి ఎగ్గొట్టినవాళ్ళని చూళ్ళేదు. అందుకే అడుగుతున్నాను. లెక్కలో చెయ్యి పెట్టారా?"

శేషుకుమారికి ఒళ్ళు మండింది. చెయ్యి పెట్టలేదంది. అతను సరేనన్నాడు. సరేనన్నవాడు ఊరుకోకుండా, ఆవిడకీ ఆవిడ అన్నకీ పొలం తగాదా ఏమన్నా ఉందా అని క్యాంటీనులో వాకబు చేశాడు. క్యాంటీనువాడు టీతో పాటు ఆ కబురు కూడా ఆవిడకి అందించాడు. దాంతో ఆవిడ, వహీద్ వాళ్ళ అత్తగారిల్లు ఏ కాలవ కింద ఉందో కనుక్కుంది. ఏ కాలవ కిందా లేదు, బజారులో ఉంది. అదీ అనుమానంగానే తోచింది. ఆ వారమంతా ఇద్దరూ ఎవరి తెరకి వాళ్ళు వీపు అడ్డం పెట్టుకుని పనిచేశారు. నదిని కలిపి చూడమని కూర్చోబెడితే మొహాలు కలిపి చూసుకోవడం మానేశారు.

నీలం ఎందుకని యంత్రాన్నే అడిగితే, అది ఒక్క మాట చూపించింది: నిల్వ.

*

శనివారం శేషుకుమారి పొదలపాడు బస్సెక్కింది. ఊరు దిగి చూస్తే అనుమానం ఇంకా ముదిరింది. పొలాలు పెంకులా పగిలి ఉన్నాయి, మనుషులు మాత్రం పగల్లేదు. బడిగంట కొట్టారు, పిల్లలు వెళ్ళారు. పాలకేంద్రం ముందు క్యాన్లు వరసగా ఉన్నాయి. కరువు కాలవలోనే ఆగిపోయి, ఊళ్ళోకి రావడానికి ఎవరిదో అనుమతి కోసం చూస్తున్నట్టుంది.

అన్న మాలకొండయ్య నిమ్మతోటలో ఉన్నాడు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునే మనిషి, ఇప్పుడు ఆ నిమ్మకే నీరెత్తక నిలబడలేకుండా ఉన్నాడు. కాపుకొచ్చిన తోట. ఆకులు దొప్పల్లా ముడుచుకున్నాయి. పిందెలు గోళీకాయల్లా రాలి చెట్ల కింద నల్లబడుతున్నాయి.

"రా అమ్మే, నీళ్ళదేవతా," అన్నాడు చెల్లెల్ని చూసి. "కాళ్ళు కడుక్కోమందామంటే చెంబులో చుక్క లేదు. ఆఫీసు నుంచి ఏమన్నా తెచ్చుకున్నావా?"

"నా చేతిలో ఏముందన్నా?"

"అదేగా నేననేది. చేతిలో లేకుండా చేసుకుంది ఎవురు?" అతను ఒక కొమ్మ విరిచాడు. పుటుక్కుమంది, పచ్చి కొమ్మ అట్లా విరగదు. "ఈ నెల తడి రాకపోతే తోటంతా పొయ్యిలోకే. మళ్ళీ మొక్క నాటి కాపు చూసే ఓపిక నాకు లేదు. నీ నిజాయితీ నలుగురికీ చూపించుకోడానికి సొంతూరి గొంతు ఎండబెట్టావని అంటన్నారు ఊళ్ళో. నేను కాదన్లా."

చెల్లెలు ఏం చెప్పినా అతను తలూపాడు. నమ్మినవాడు ఊపే ఊపు కాదది.

మర్నాడు తెల్లవారగట్ల శేషుకుమారి వాకిట్లో మొహం కడుక్కుంటుంటే వదిన కోటమ్మ చేట పట్టుకుని వీధిలోకి వెళ్ళడం కనబడింది. చేటలో సగానికి బియ్యం, మీద పాత ధోవతి ముక్క. ఎదురువరసలో సుబ్బరత్తమ్మ ఇల్లు. సుబ్బరత్తమ్మకి మొగుడు లేడు, ఉన్న చేను మెరక మీద, కాలవ నీళ్ళు వచ్చిన రోజుల్లోనే దానికి ఎక్కేవి కావు. కోటమ్మ చేటని అరుగు మీద పెట్టింది. మొహం అవతలికి తిప్పుకుని వచ్చేసింది.

శేషుకుమారి కూడా మొహం తిప్పుకుంది. అలవాటు. తిప్పుకున్న మొహం తిప్పుకున్నట్టే ఉండిపోయింది.

పొదలపాడులో దాన్ని మూగచేట అంటారు. అనడం కూడా తక్కువే, అనుకోవడమే. ఎవరి చేను ఎండితే వాళ్ళ అరుగు మీదకి చేటలు వస్తాయి. బియ్యమో జొన్నలో పప్పో, ఎవరింట్లో ఏది ఉంటే అది. పెట్టినవాళ్ళు చెప్పరు, పుచ్చుకున్నవాళ్ళు అడగరు, చూసినవాళ్ళు మొహం తిప్పుకుంటారు. తీర్చడం పెట్టినవాళ్ళకి కాదు, పై ఏడు ఎవరిది ఎండితే వాళ్ళకి. ఏ చేట ఎవరిదో గుర్తు ఉండదు. ఊళ్ళో చేటలన్నీ ఊరివే. దాని గురించి నోరెత్తితే అది దానం అయిపోతుంది, దానం అయితే పుచ్చుకునేవాడి తల వంగుతుంది. అందుకని మూగ.

మాట్లాడకూడదని చిన్నప్పుడే నేర్చుకుంది శేషుకుమారి. ఎంత బాగా నేర్చుకుందంటే, ఊళ్ళ బాధ కొలిచే లెక్క రాసేటప్పుడు కూడా దాని సంగతి ఆవిడకి తట్టలేదు. దాచలేదు. ఆ తిప్పుకున్న మొహంతోనే కూర్చుని బాధాంకం రాసింది. చేట కనబడనివ్వలేదు గనక యంత్రానికి చేటు కనబడలేదు. ఎండిన ఇంటికి, వానకో బావికో నాలుగు గింజలు దక్కిన ఇల్లు బియ్యం పెడుతుంటే గేదె సంతకెందుకు పోతుంది, మూట బస్సెందుకు ఎక్కుతుంది? ధర్మకాటా చూసింది: ఈ ఊరికి నీళ్ళు ఆపినా ఏమీ కావడం లేదు. మళ్ళీ ఆపింది. ఏమీ కాలేదు. కరువులో తోడుకోవడానికి ఇంతకంటే మంచి చెరువేముంది? నీలం వేసుకుంది.

ఈ ఏడు ఆ చెరువూ అడుగంటుతోంది. వదిన చేట నిండుగా లేదు, సగానికే ఉంది.

*

వహీద్‌కి చెప్పడానికి ఆవిడకి రెండు టీలు పట్టాయి. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట పైకి అనడం అదే మొదలు. "మూగచేట" అనగానే సొంత పేరు ఎవరో తప్పుగా పిలిచినట్టనిపించింది.

వహీద్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత, తన అనుమానానికి క్షమాపణ అడగకుండా, కొత్త అనుమానం వెలిబుచ్చాడు. యంత్రానికి ఈ సంగతి చెప్తే ఏమంటుందో? అసలు యంత్రాన్ని కదపకుండా, దాని నకలు ఒకటి తీసి అందులో మూగచేట ఎక్కించాడు: ఎండిన ఇంటిని ఎండని ఇల్లు మోస్తుంది అని. ఇక న్యాయం జరుగుతుందని ఇద్దరూ కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు.

నకలులో పొదలపాడు ఇంకా ముదురు నీలమైంది.

వహీద్ కాసేపు చూసి, నెమ్మదిగా చెప్పాడు. "ఇంతకుముందు దీనికి అనుమానం ఉండేది మేడం. ఈ ఊరు ఎట్లా తట్టుకుంటోందో తెలియక కొంచెం జాగ్రత్తగా తోడేది. ఇప్పుడు మనం భరోసా ఇచ్చాం."

పరబ్రహ్మంగారు వచ్చి చూశారు. ఆయనకి ఆనందం ఆగలేదు. కొండలు తవ్వి, ఊళ్ళు ముంచి ఇన్నేళ్ళుగా జలాశయాలు కట్టాం గదా, ఇక్కడ మనుషుల మధ్యనే ఒక జలాశయం కట్టి ఉంది, పూడిక లేదు, ఆవిరి కాదు అన్నారు. ఓర్పుకి ఇంత నిల్వసామర్థ్యం ఉందని ఎవరూ కనిపెట్టలేదన్నారు. నది పొడుగునా ఇట్లాంటి ఊళ్ళు ఇంకెన్ని ఉన్నాయో యంత్రం చేత వెతికించమన్నారు.

శేషుకుమారి అడ్డం పడింది. బాధ కనబడని చోట బాధ లేదనుకోకూడదు, లెక్క మార్చాలి అంది. ఆయన చల్లగా విన్నారు.

"అమ్మా శేషుకుమారిగారూ, లెక్క మారిస్తే మొదట లాభపడేది ఎవరు?"

"పొదలపాడు."

"మీ పుట్టిల్లు."

ఆయన దయగానే చెప్పారు, మార్పుకి రెండు జిల్లాలూ సంతకం పెట్టాలని, ఆవిడ ఊరిపేరు చూడగానే వాళ్ళు ఏమనుకుంటారో తనకంటే ఆవిడకే బాగా తెలుసునని. పరబ్రహ్మం పేరుకి తగ్గట్టు అంతటా ఉన్నారు, ఎక్కడా అంటుకోలేదు.

వెళ్ళేటప్పుడు వహీద్ ఆవిణ్ణి బస్టాండు దాకా దింపాడు. బండి ఆపి, ఎటో చూస్తూ అన్నాడు. "లెక్క మారదు. మారగలిగింది ఊరే. నేననలేదు, మీరు వినలేదు."

*

పొదలపాడు వాళ్ళకి ఆ సంగతి చెప్పడం ఇంకా కష్టమైంది. బడి వరండాలో జనం కూర్చున్నారు. శేషుకుమారి నిలబడి, ఎవరూ ఎన్నడూ పైకి అననిదాన్ని మైకు లేకుండా అనేసింది. చేటలు ఆపాలంది. ఆపితే బాధ బయటపడుతుంది, యంత్రానికి కనబడుతుంది, గేటు లేస్తుంది.

అందరూ నేలకేసి చూశారు. మొహం తిప్పుకోవడానికి చోటు లేకపోతే మనుషులు నేలకేసే చూస్తారు.

"అంటే, మేం ఏడవాలి," అన్నాడు మాలకొండయ్య.

"కొన్నాళ్ళు, అన్నా."

"ఉత్తుత్త ఏడుపా, నిజం ఏడుపా?"

"ఉత్తుత్తది దానికి తెలిసిపోతుంది."

"భలేదాన్ని కన్నావమ్మే. ఇన్నాళ్ళూ ఏడవట్లేదని కొట్టింది. ఇప్పుడు ఏడిస్తే గాని అన్నం పెట్టనంటంది."

ఎవరో నవ్వారు. ఆ నవ్వుతోనే ఒప్పందం అయిపోయింది. తడి వచ్చేదాకా చేట కదలకూడదు. కోటమ్మ ఒక్కతే, సుబ్బరత్తమ్మలాంటి వాళ్ళ సంగతేమిటని అడిగింది. కొన్నాళ్ళే గదా అన్నారు. కోటమ్మ మళ్ళీ అడగలేదు.

మొదటి వారం తమాషాగానే గడిచింది. ఒకాయన గేదెని సంతకి తోలి తోడల్లుడికే అమ్మాడు. ఇద్దరు నెల్లూరు బస్సెక్కి పెళ్ళిచూపులకి వెళ్ళొచ్చారు. తెర మీద రంగు చెక్కుచెదరలేదు. ధర్మకాటా లారీ డ్రైవర్ల మోసాలు చూడని కాటా కావచ్చు, తోడల్లుళ్ళ మోసం మాత్రం పట్టేసింది.

రెండో వారానికి తమాషా పోయింది. నిజంగా బియ్యం అయిపోయిన ఇళ్ళు ఉన్నాయి. నిజంగా గేదె పోయింది. నిజంగా ఒక పిల్ల బడి మానేసి మిరపకోతకి వెళ్ళింది. రంగు కొంచెం పలచబడిందని శేషుకుమారి ఫోను చేసింది. ఆ మాట ఊళ్ళో పడింది, అసలు చిక్కు అక్కణ్ణుంచి మొదలైంది. రంగు పలచబడుతోంది గదా, ఇప్పుడు ఎవరన్నా చాటుగా ఒక్క చేట పెడితే? ఆ ఇంట్లో ఏడుపు ఆగితే? ఊరంతా పడ్డ పాట్లు వృథా.

అందుకని పొదలపాడు, దొంగల కోసం ఎన్నడూ కాపలా కాయని ఊరు, ఇచ్చేవాళ్ళ కోసం కాపలా కాసింది. తెల్లవారకుండానే ఎవరి వీధిలో వాళ్ళు అరుగులు చూసుకుంటూ తిరిగారు. మధ్యాహ్నం పొగ లేచిన ఇంటిని చూసి, వీళ్ళకి బియ్యం ఎక్కడివి అన్నారు. ఒకావిడ పిల్లలు చిక్కిపోలేదేమని అత్తవరసావిడే అడిగింది. మొహం తిప్పుకునే అలవాటు ఎక్కడ పోయిందో పోయింది, ఊళ్ళో మెడలన్నీ చూడ్డం వైపే తిరిగాయి. గోడకవతల ఇంటివాళ్ళ కంచంలోకి ఊరు తొంగిచూసింది. కాపలావాళ్ళకి పెద్ద మాలకొండయ్యే. తోట అతనిది. తోట బతకాలి.

మూడో వారంలో ఒక తెల్లవారుజామున అతనికి సుబ్బరత్తమ్మ ఇంటి వైపు నడిచే మనిషి కనబడింది. కొంగు కింద వెడల్పుగా ఏదో ఉంది. అతను కేకేశాడు. మనిషి ఆగలేదు. పరుగెత్తి జబ్బ పట్టుకున్నాడు. కోటమ్మ.

"ఇయ్యి," అన్నాడు.

"వదులు. మూడు రోజులైంది ఆ ఇంట్లో పొయ్యి వెలగక."

"వెలగకూడదు గదే. వెలగనీకూడదనే గదా ఇదంతా."

"ఆ మాట నువ్వేనా అనేది?" అంది కోటమ్మ. అరవలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది.

అప్పటికే కేకకి తలుపులు తెరుచుకున్నాయి. జనం చూస్తున్నారు. కాపలావాడి పెళ్ళామే దొంగ అని ఒక మాట ఎక్కడో పడింది. ఆ మాటే మాలకొండయ్య చేతిని కదిలించింది. చేట లాక్కున్నాడు. చిరిగింది. బియ్యం వీధి మట్టిలో చల్లినట్టు పడ్డాయి. ఎవరూ వంగి ఏరలేదు. ఏరితే, ఎవరి కోసం ఏరుతున్నావని అడుగుతారు.

సుబ్బరత్తమ్మ తలుపు తియ్యలేదు. ఆ మర్నాడు ఇద్దరు పిల్లల్నీ తీసుకుని ఒంగోలు బస్సెక్కింది. ఈసారి పెళ్ళిచూపులకి కాదు.

లాకులపేటలో వహీద్ తెర ముందు నిలబడి ఉన్నాడు. నీలం బూడిదరంగు అయింది. బూడిద ఎర్రబడింది. "వచ్చింది మేడం," అన్నాడు. శేషుకుమారి లేచి చూసింది. తను రాసిన లెక్క తను చెప్పినట్టే పనిచేస్తోంది. చప్పట్లు కొట్టబోయి వహీద్ చేతులు జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రానికి పొదలపాడు మేజరు కాలవ గేటు లేచింది.

*

నీళ్ళొచ్చాయి. మూడేళ్ళ చెత్తనీ, చెప్పులనీ, చచ్చిన తొండల్నీ నెట్టుకుంటూ వచ్చాయి. మాలకొండయ్య నిమ్మతోటలో మోకాటిలోతు నీళ్ళలో నిలబడి ఏడ్చాడు. ఆ ఏడుపు ఏ లెక్కలోకీ రాలేదు. తోట తేరుకుంది. మూడొంతులు చెట్లు చిగిర్చాయి, తర్వాత పూశాయి. వరి వేసినవాళ్ళకి వరి పండింది. కోటమ్మ మొగుడికి అన్నం పెడుతోంది, మాట మాత్రం పెట్టడం లేదు. అతను కూరలో ఉప్పు తక్కువైందంటే, ఉప్పుడబ్బా తెచ్చి ముందు పెడుతుంది.

ఈలోగా లాకులపేటలో రెండు సంగతులు జరిగాయి. ధర్మకాటా ఎగువన ఇంకో ఊరిని నీలం చేసింది. ఆ ఊళ్ళో ఏ ఆచారం ఉందో, ఏమిటి దాచుకుని బతుకుతున్నారో ఎవరికీ తెలియదు. పరబ్రహ్మంగారు కనుక్కోమన్నారు. శేషుకుమారి కనుక్కోనని రాసిచ్చి సెలవు పెట్టింది. ఆవిడ సెలవు కూడా ఏదో ఎత్తేనని పై ఆఫీసులో అనుకున్నారట. వహీద్ మాత్రం అనుకోలేదు. అతను వచ్చి, పొదలపాడు మళ్ళీ కుదుటపడితే మళ్ళీ నీలం అవుతుంది, వాళ్ళకి చెప్పండి అన్నాడు. చెప్పనక్కర్లేదని ఆవిడ అంది. వాళ్ళకి ఆవిడకంటే బాగా తెలుసు.

కోతలయ్యాయి. ఆనవాయితీ ప్రకారమైతే మెరక చేలవాళ్ళ అరుగుల మీదకి చేటలు రావలసిన రోజులు. కాలవ నీళ్ళు ఎప్పటిలాగే మెరకకి ఎక్కలేదు. ఒంగోలు నుంచి సుబ్బరత్తమ్మ తిరిగొచ్చింది, ఒక పిల్లని అక్కడే ఎవరింట్లోనో పనికి పెట్టి వచ్చింది. ఒక్క అరుగు మీదా చేట లేదు. అందరి గాదెల్లోనూ గింజలున్నాయి, ముందు కదిలే కాలు ఎవరికీ లేదు.

సెలవులో పుట్టింటికి వచ్చి ఉన్న శేషుకుమారి ఆ రోజు తెల్లవారకుండానే లేచింది. వదిన వంటింట్లో గోడకి ఆనుకుని చూస్తోంది, చేట నిండా బియ్యం మాత్రం తనే పోసింది. ధోవతి ముక్క కప్పింది. శేషుకుమారి వీధి దాటింది. అరుగు మీద పెట్టింది. మొహం తిప్పుకుంది. నాలుగడుగులు వేసింది.

వెనక తలుపు తెరుచుకున్న చప్పుడైంది. పెట్టినవాళ్ళు వెళ్ళేదాకా ఆ తలుపు తెరుచుకోకూడదు.

"ఎవురది?"

శేషుకుమారి తిరిగి చూసింది. సుబ్బరత్తమ్మ గడపలో నిలబడి ఉంది. చేట వైపు చూసింది. శేషుకుమారి వైపు చూసింది. నీళ్ళ మిషను వాళ్ళ అమ్మాయిని గుర్తుపట్టింది. ఒక అడుగు వెనక్కి వేసి, రెండు చేతులూ వీపు వెనక పెట్టుకుంది.

"ఎందుకు పెట్టావమ్మే? ఎవురు పెట్టమన్నారు?"

"ఎవరూ కాదు, పిన్నీ. నేనే."

"నేను తీసుకుంటే ఏమవుద్దో చెప్పు. గేటు దిగుద్దా?"

శేషుకుమారికి అబద్ధం చెప్పడం చేతకాలేదు. చూపు కాలవ వైపు పోయింది. సుబ్బరత్తమ్మకి అది చాలు. వీధి మొగదాకా వినబడేట్టు గొంతెత్తింది.

"ఇదిగో, రండమ్మా, అందరూ చూడండి. దీన్ని నేను పెట్టమన్లా. నేను ముట్టుకోలా. చూసి చెప్పండి."

ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. జనం అరుగుల మీదకి వచ్చి నిలబడి, చేటనీ, దాని మీద కప్పిన గుడ్డనీ, సుబ్బరత్తమ్మ వీపు వెనక ఉన్న చేతుల్నీ నిదానంగా, ఒక్కటీ వదలకుండా చూశారు. మాలకొండయ్య కూడా చూశాడు.

"ముట్టుకోలేదు," అన్నారెవరో.

"అవును, ముట్టుకోలేదు," అన్నారు ఇంకొకరు. సుబ్బరత్తమ్మ తలుపు వేసుకుంది.